గెలిచినవాడు కన్నీరు పెట్టుకున్న పోరు

ఆదివారం.

భోజనాలయ్యాక వాన పట్టుకోవడంతో కూరగాయల మార్కెట్టుకు వెళ్లే పని రేపటికి వాయిదా పడింది. ఎప్పటినుంచో చూడాలనుకుంటూ దాటవేస్తూ వచ్చిన మహమ్మద్ అలీ, ల్యారీ హోమ్స్‌ల హెవీవెయిట్ బాక్సింగ్ పోరును ఈ రోజు మొదటి గంట మోగినప్పటి నుంచి చివరిదాకా చూశాను. ఫలితం ముందే తెలుసు కనుక ఉత్కంఠ ఉండదనుకున్నాను గాని, తెలియనివాళ్లకు కూడా రెండో రౌండు ముగిసేసరికి అది మిగిలి ఉండదు.

1980 అక్టోబరు 2న, లాస్ వేగాస్‌లోని సీజర్స్ ప్యాలెస్ హోటల్ పార్కింగ్ స్థలంలో ఆరుబయట తాత్కాలికంగా కట్టిన స్టేడియంలో, ఇరవై నాలుగు వేలమందికి పైగా ప్రేక్షకుల ముందు ఈ పోరు జరిగింది. అలీకి అప్పుడు 38 ఏళ్లు. 1978 సెప్టెంబరులో లియాన్ స్పింక్స్‌ను ఓడించి మూడోసారి చాంపియన్ అయ్యాక రెండేళ్లపాటు పోటీ అన్నదే లేదు. ముప్పయ్యొక్కేళ్లు నిండబోతున్న అప్పటి చాంపియన్ హోమ్స్ అప్పటికి ఆడిన 35 పోటీల్లోనూ గెలిచినవాడు. పైగా 1970ల మొదట్లో పెన్సిల్వేనియాలోని డీర్ లేక్ శిబిరంలో అలీకి సాధనలో ఎదురు నిలబడి, దెబ్బలు తిని జీతం పుచ్చుకున్నవాడు.

రింగులోకి వచ్చిన అలీని చూస్తే ఎవరైనా మోసపోతారు. ఒకప్పుడు 250 పౌండ్లు దాటిన శరీరం 217న్నరకు దిగింది. జాయిర్ (ఇప్పటి కాంగో)లో జార్జ్ ఫోర్‌మన్‌ను పడగొట్టిన 1974 తరువాత ఆయన అంత తక్కువ బరువుతో ఎన్నడూ బరిలోకి దిగలేదు. 1980 జనవరిలో మద్రాసు నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ఆయన ప్రదర్శన పోరు ఆడినప్పుడు, అక్కడ ఉద్యోగంలో ఉన్న మా మేనమామ టికెట్టు కొని చూసి, ఆయనకు ఇంకా తిరుగులేదని ఊళ్లో అందరికీ చెప్పాడట. అయితే అలీ ఆ నాజూకుతనాన్ని సాధనతో మాత్రమే తెచ్చుకోలేదు. పోరుకు ముందు వారాల్లో థైరాయిడ్ మాత్రలు చెప్పిన మోతాదుకు మించి వేసుకోవడంతో ఒంట్లోని కొవ్వుతోపాటు సత్తువ కూడా హరించుకుపోయింది. ఎడారి వేడిలో అలాంటి శరీరంతో 15 రౌండ్ల పోరుకు నిలబడడమే ప్రమాదం.

పోరును వర్ణించడానికి ఎక్కువ మాటలు అక్కరలేదు. హోమ్స్ ఎడమచేతి జాబ్, అంటే చేయి సూటిగా చాచి విసిరే వేగమైన గుద్దు, అలీ ముఖాన్ని వెతుక్కోనవసరం లేకుండా వెళ్లి తగులుతూనే ఉంది. అలీ తలను వెనక్కి లాగుతాడు, కాని అప్పటికే గ్లవ్ తగిలి ఉంటుంది. పదేళ్ల కిందట వెంట్రుకవాసిలో దెబ్బ తప్పించిన అదే కదలిక ఇప్పుడు ఒక క్షణం ఆలస్యంగా వస్తోంది. నన్ను ఎక్కువగా బాధపెట్టినది ఈ ఆలస్యమే. మా అబ్బాయి నడుమ వచ్చి కాసేపు నిలబడి, "ఈయన తిరిగి కొట్టడం లేదేంటి నాన్నా?" అని అడిగి వెళ్లిపోయాడు. తొమ్మిదో రౌండులో నడుము పైభాగంలో తగిలిన ఒక కుడిచేతి దెబ్బకు అలీ బాధతో అరిచాడని రింగు పక్కనున్నవారు చెప్పారు. ఆ దెబ్బకు ఆయన ఒళ్లు ముడుచుకుపోవడం తెరమీద స్పష్టంగా కనిపిస్తుంది. హోమ్స్ అప్పటికే రిఫరీ రిచర్డ్ గ్రీన్ వైపు, ఇక ఆపవేమిటన్నట్టు చూస్తున్నాడు. చాంపియనే ప్రత్యర్థి మీద జాలిపడి చేయి తేలిక చేసుకుంటున్న పోరు, ఆటగా ఎప్పుడో ముగిసిపోయినట్టే.

పదో రౌండు తరువాత శిక్షకుడు ఏంజెలో డండీ ఇక చాలని రిఫరీకి చెప్పాడు. సహాయకుడు బండినీ బ్రౌన్ మరొక్క రౌండు అంటూ డండీ స్వెటర్ పట్టుకుని బతిమాలాడు. ముఖ్య శిక్షకుణ్ని నేను, నా మాటే చెల్లుతుందన్నట్టు డండీ అతడిని విదిలించుకున్నాడు. ముగ్గురు న్యాయనిర్ణేతలూ పదికి పది రౌండ్లు హోమ్స్‌కే ఇచ్చారు. అలీ జీవితంలో నిర్ణీత రౌండ్లు పూర్తికాకుండా ఓడిన పోరు ఇదొక్కటే. డండీ చేసినది సరైన పనే, కాని ఆరో రౌండు తరువాతే చేసి ఉండవలసింది. అసలు తప్పు అంతకన్నా ముందే జరిగింది. జులైలో మేయో క్లినిక్ పరీక్షలో, వేలితో ముక్కును ముట్టుకోవడంలోనూ ఒంటికాలిపై గెంతడంలోనూ అలీ కొంత తడబడ్డట్టు నమోదైనప్పటికీ, పోటీలకు అనుమతులిచ్చే నెవాడా రాష్ట్ర కమిషన్ ఆయనకు లైసెన్సు ఇచ్చింది. లక్షల డాలర్ల వ్యాపారం కుదిరాక ఆ తడబాటును పట్టించుకునే తీరిక ఎవరికుంటుంది? ఆ డబ్బయినా పూర్తిగా రాలేదు. ఒప్పుకున్న 80 లక్షల డాలర్లలో దాదాపు 12 లక్షలు తక్కువ ఇచ్చాడని అలీ నిర్వాహకుడు డాన్ కింగ్‌పై దావా వేసి, చివరకు 50 వేలకే రాజీపడ్డాడు.

ఇంతటితోనూ ఆయన ఆగలేదు. 1981 డిసెంబరులో బహామాస్‌లోని నాసౌలో, రౌండ్ల గంటకు బదులు ఆవు మెడలో కట్టే గంట మోగించిన ఒక అస్తవ్యస్త ఏర్పాటులో, ట్రెవర్ బెర్బిక్ చేతిలో ఓడి విరమించాడు. 1984లో పార్కిన్సన్ లక్షణాలున్నట్టు వైద్యులు తేల్చారు. అవి ఈ ఒక్క రాత్రి వల్ల వచ్చినవని నేననను.

హోమ్స్ సంగతి నన్ను సాయంత్రం దాకా వదల్లేదు. ఆ రాత్రి అతడు అలీ గదికి వెళ్లి తన అభిమానం చెప్పుకున్నాడు. విజేతగా మాట్లాడుతూ కన్నీళ్లు పెట్టుకున్నాడు. అయినా అలీ అభిమానులు చాలాకాలం అతడిని క్షమించలేదు. 1985లో మైకేల్ స్పింక్స్ చేతిలో ఓడేదాకా వరుసగా 48 పోటీలు గెలిచినవాడికి ఇది అన్యాయం. అతడి గొప్పతనం చూడదలచినవారు ఈ పోరును వదిలి, 1978 జూన్‌లో కెన్ నార్టన్‌తో తలపడి, చివరి రౌండులో సర్వశక్తులూ ఒడ్డి అత్తెసరు ఆధిక్యంతో టైటిల్ గెలుచుకున్న 15 రౌండ్ల పోరును చూడాలి.