కెన్నెట్ అండ్ ఏవన్ కాలువ మీద చలికాలం: పడవలో పొయ్యి, గ్యాసు, గాలి

ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లో నారోబోట్ (కాలువల కోసం కట్టిన సన్నటి, పొడవాటి ఇంటిపడవ) అద్దెకు తీసుకుంటే సగం యాత్ర కాలువ మీద, సగం పొయ్యి దగ్గర. మేం వెళ్లిన దారి బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్ నుంచి బాత్ దాకా, సుమారు పది మైళ్లు. గంటకు నాలుగు మైళ్లు దాటకూడదు, గట్టుకు కట్టి ఉన్న పడవల పక్కన ఇంకా తగ్గించాలి. బ్రాడ్‌ఫర్డ్ లాకు (నీటిమట్టం మార్చి పడవని ఎక్కించి దించే తలుపుల అర) దాటాక బాత్ ఊళ్లోకి వచ్చేదాకా మళ్లీ లాకే లేదు. గోదావరి డెల్టా కాలువల మీద లాకులు చూసినవాళ్లకు ఇక్కడి పద్ధతి కొత్తగా ఉండదు. తలుపులు తెరిచేదీ మూసేదీ ప్రయాణికులే, అదొక్కటే తేడా.

మా పడవ 57 అడుగుల పొడవు, వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. బయట ఉక్కు రేకు, లోపల నురుగు పూత, దాని మీద చెక్క. మూత బిగించిన డబ్బా అనుకోండి. అందులోనే నిప్పుల పొయ్యి, గ్యాసు స్టవ్వు, నలుగురు మనుషులు, వాళ్ల మంచాలు. పెంకుటింట్లో కుంపటి పెట్టుకుంటే వాసాల సందుల్లోంచి ఎంతో కొంత గాలి ఆడుతుంది. ఇక్కడ గాలి రావాలంటే మనం వదిలిన కన్నాల్లోంచే రావాలి.

పడవ అప్పగించే మనిషి మొదట చూపించేది ముందు భాగంలోని గ్యాసు అర. ఎర్ర రంగు ప్రొపేన్ సిలిండర్లు రెండు, ఒక్కోటి 13 కిలోలు. నీలం రంగువి బ్యూటేన్, చలికాలంలో వాటితో పని జరగదు. బ్యూటేన్ మరిగేది సున్నాకి అర డిగ్రీ కింద. బయట గడ్డ కట్టే చలి ఉంటే సిలిండర్‌లో ద్రవం నిండా ఉన్నా స్టవ్వుకి ఆవిరి అందదు. ప్రొపేన్ మైనస్ 42 దగ్గరే మరుగుతుంది కనుక ఆ ఇబ్బంది లేదు. మన ఇళ్లలో వాడే 14.2 కిలోల సిలిండర్‌లో ఈ రెండింటి మిశ్రమం ఉంటుంది.

ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. ఇంట్లో లీకైతే కింది గడప సందులోంచో, తూములోంచో బయటికి పోయే వీలుంటుంది. పడవలో గడపకి ఆవల నీళ్లే. జారిన గ్యాసు నేలపలకల కింద, పడవ అడుగున నిలిచిపోతుంది. గాలిలో రెండు శాతం చేరితే చాలు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. అందుకే సిలిండర్ అరకు లోపలివైపు ఎక్కడా సందు ఉండకూడదు, అడుగున మాత్రం బయటికి, నీటిమట్టానికి పైన తెరుచుకునే రంధ్రం ఉండాలి. ఆ రంధ్రానికి ఎండుటాకులో, తాడు చుట్టో అడ్డంపడి ఉండటం మామూలే. పొద్దున్నే వేలు పెట్టి చూసుకోవడం మంచి అలవాటు. గ్యాసు వాసన వస్తే సిలిండర్ కట్టేసి తలుపులు తీసి బయటికి రావాలి. లైటు స్విచ్చు గానీ, అడుగు నీళ్లు తోడే పంపు గానీ ముట్టుకోకూడదు.

అరలో బబుల్ టెస్టర్ అని చిన్న గాజు గిన్నె ఉన్న పరికరం ఒకటి ఉంది. వాడటం తేలిక: స్టవ్వు బర్నర్లు, ఓవెన్, నీళ్ల హీటర్ అన్నీ కట్టేయాలి, సిలిండర్ మాత్రం తెరిచి ఉంచాలి, మీట నొక్కి పది సెకన్లు గిన్నెలోకి చూడాలి. బుడగలు రాకపోతే లైను బిగువుగా ఉన్నట్టే. వస్తే సిలిండర్ కట్టేసి అద్దెకిచ్చినవాళ్లకు ఫోన్ చేయడమే, మనం రెంచి పట్టుకోకూడదు. అద్దె పడవల గ్యాసు పని గ్యాస్ సేఫ్ రిజిస్టర్ అనే అధికారిక జాబితాలో ఉన్న మెకానిక్కే చేయాలని అక్కడి చట్టం. సిలిండర్ మార్చడం మాత్రం మనపనే. దాని మర ఎడమచేతి మర, మామూలు బోల్టుకి ఎటు బిగిస్తామో అటు తిప్పితే ఊడుతుంది. ఇది తెలియక బలం పెట్టి ఇంకా బిగించేసేవాళ్లే ఎక్కువ.

మొదటి సాయంత్రం ఏవన్‌క్లిఫ్ నీటివంతెన దాటాక పడవ కట్టుకున్నాం. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా కట్టిన పడవలో ఇంజన్ నడపకూడదని కాలువలు చూసుకునే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ నియమం. కనుక చీకటి పడ్డాక వెచ్చదనమంతా పొయ్యి నుంచే రావాలి. నాలుగు కాళ్ల మీద నిలబడ్డ చిన్న పోత ఇనుము పొయ్యి అది, ముందు గాజు తలుపు, పైన పొగగొట్టం. గాలికి రెండు దారులు, జల్లెడ కింద ఒకటి, గాజు పైన ఒకటి. కట్టె మండటానికి పైగాలి కావాలి, కింద బూడిద పరుపు ఉంటే మంచిది. బొగ్గుకి కిందిగాలి కావాలి, బూడిద ఉండకూడదు. రెండూ కలిపి వేసి, రెండు దారులూ మూసి, ‘నిదానంగా మండుతుందిలే’ అని పడుకుంటారే, అక్కడే చెడుతుంది. సగం కాలిన పొగ గొట్టంలో తారుగా పేరుకుంటుంది. పడవ కప్పు మీద గొట్టం చుట్టూ గోధుమరంగు చారలు కనిపిస్తే ఆ పొయ్యిని అలా వాడుతున్నారని అర్థం. ఆ తారు ఎప్పుడో ఒక రోజు గొట్టంలోనే అంటుకుంటుంది.

వెలిగించే వరస ఇది. బూడిద పళ్లెం ఖాళీ చేయాలి. బూడిద జల్లెడని తాకేదాకా పెరిగితే కిందిగాలి ఆడదు, ఆ వేడికి జల్లెడ కమ్మీలు వంగిపోతాయి. రెండు గాలిదారులూ పూర్తిగా తెరిచి, ఫైర్‌లైటర్ ముక్క, దాని మీద చితుకులు, అవి అంటుకున్నాక పొగరాని బొగ్గు ఉండలు నాలుగైదు వేయాలి. మొదటి కొద్ది నిమిషాలు తలుపు వేలెడంత తెరిచి పెడితే గొట్టం వేడెక్కి పొగని పైకి లాగుతుంది. ఆ తరవాత తలుపు బిగించి, పైగాలి దాదాపు మూసి, కిందిదాంతో మంట అదుపు చేసుకోవాలి. తలుపు చుట్టూ తాడులాంటి సీలు ఉంటుంది. ఒక కాగితం ముక్క మధ్యలో పెట్టి తలుపు మూసి లాగితే జారి వచ్చేసిందంటే సీలు అరిగినట్టే, అక్కడినుంచి పొగా వస్తుంది, అదుపూ తప్పుతుంది.

రాత్రికి కనకన నిప్పుల మీద ఉండలు నింపి, కాసేపు బాగా రగలనిచ్చి, కిందిగాలి గీతంత వదిలితే తెల్లారేదాకా పొయ్యి వెచ్చగా ఉంటుంది. తీసిన బూడిదలో కంటికి కనపడని నిప్పు ఉంటుంది, అది కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వదులుతూనే ఉంటుంది. మూత ఉన్న ఇనప బక్కెట్లో వేసి బయట డెక్ మీద పెట్టాలి. ముందు తలుపు దగ్గర గుడారం గుడ్డ కప్పిన చోటు కూడా బయట కిందకి రాదు.

చలేస్తుందని గాలి కన్నాల్లో గుడ్డలు కుక్కడం, నా లెక్కలో, ఈ పడవల్లో జరిగే అన్నిటికన్నా చెడ్డ పని. కప్పు మీద పుట్టగొడుగుల్లా కనిపించేవి పై కన్నాలు, తలుపుల అడుగున ఉన్న జాలీలు కింది కన్నాలు. లెక్క కూడా ఉంది: పొగగొట్టం లేని గ్యాసు స్టవ్వుకి ప్రతి కిలోవాట్‌కి 2,200 చదరపు మిల్లీమీటర్లు, మనిషి ఒక్కరికి 650, నిప్పుల పొయ్యికి విడిగా మరికొంత. బర్నర్లూ ఓవెనూ కలిపి 8 కిలోవాట్లు అనుకుంటే వాటికే 17,600, నలుగురికి మరో 2,600. రెండు అరచేతులంత ఖాళీ అన్నమాట, పైన సగం, కింద సగం. చలికి మందు ఇంకో నాలుగు ఉండలు వేసుకోవడమే.

కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు, వాసన లేవు. బరువు దాదాపు గాలంతే, కాబట్టి పైకి పోదు, కిందకి దిగదు, అంతటా కలుస్తుంది. అలారం పొయ్యి ఉన్న గదిలో ఒకటి, పడుకునే చోట తల ఎత్తులో ఒకటి ఉండాలి. పొయ్యికి ఒకటి నుంచి మూడు మీటర్ల దూరంలో, కిటికీకి, కన్నానికి ఎదురుగా కాకుండా పెట్టాలి. పడవలకి ఈఎన్ 50291-2 అనే ప్రమాణం పేరు రాసి ఉన్నదే తీసుకోవాలి. గాలిలో పది లక్షల వంతుల్లో 50 వంతులుంటే అది 60 నుంచి 90 నిమిషాల్లో మోగుతుంది, 100 ఉంటే 10 నుంచి 40 నిమిషాల్లో, 300 ఉంటే మూడు నిమిషాల్లోపే. కనుక మోగకపోయినా అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం మొదలై, బయటికొస్తే తగ్గుతుంటే జలుబు అనుకోకూడదు. మోగితే అందరూ గట్టు మీదకి, తలలు లెక్కపెట్టుకుని, అక్కడి అత్యవసర నంబరు 999కి ఫోను. పడవల భద్రతా పథకం కింద నాలుగేళ్లకోసారి తనిఖీ ఎప్పటినుంచో ఉంది. 2019 ఏప్రిల్ 1 నుంచి అలారం కూడా తప్పనిసరి చేశారు.

దాని వెనక మరణాలున్నాయి. 2013 ఏప్రిల్‌లో విండర్‌మియర్ సరస్సు మీద ‘ఆర్నిస్టన్’ అనే పడవలో ఇద్దరు చనిపోయారు, కారణం లోపల పెట్టిన జనరేటర్ పొగ. 2016లో రాక్సమ్‌లో ‘లవ్ ఫర్ లిడియా’లో పెట్రోల్ ఇంజన్ పొగకి ఇద్దరు పోయారు. ఆ నియమం వచ్చాక కూడా, 2019 డిసెంబర్‌లో యార్క్‌లో ‘డైవర్షన్’లో ఇద్దరు పోయింది డీజిల్ హీటర్ పొగగొట్టం అతుకు ఊడినందుకు. మూడింటిలోనూ పొగ వచ్చింది వంటపొయ్యి నుంచి కాదు. మా పడవలోనూ ఇంజన్ గది పక్కన డీజిల్ హీటర్ ఉంది, పొద్దున్నే రేడియేటర్లు వెచ్చబెట్టడానికి. దాని గొట్టం బయటికి వచ్చే చోట పక్క గోడ చేయి పెట్టలేనంత కాలుతుంది, అక్కడ తాడు గానీ ఫెండర్ (గట్టు రాసుకోకుండా పక్కన కట్టే దిండు) గానీ వేలాడకూడదు. అరగంటకోసారి వేసి ఆపేస్తే లోపల మసి కడుతుంది. వేస్తే గంటైనా నడవనివ్వాలి.

రెండో రోజు డండస్ నీటివంతెన. జాన్ రెన్నీ కట్టిన రాతి వంతెన, కింద ఏవన్ నది, పక్కన రైలు పట్టాలు. సోమర్సెట్ బొగ్గు కాలువ ఇక్కడే వచ్చి కలిసేది, దాని తొలి ముక్క ఇప్పుడు పడవలు నిలిపే చోటు. ఒకప్పుడు గని బొగ్గు బాత్‌కి మోసిన ఈ నీళ్ల మీద ఇప్పుడు ఆ బొగ్గు కాల్చేవాళ్లే దొరకరు. ఇంటి పొయ్యిలకి పొగ బొగ్గు సంచుల అమ్మకం 2021 మే నుంచి ఇంగ్లండ్‌లో నిషేధం. పొగరాని ఉండలు కొనుక్కోవాలి, చిన్న మూటల్లో అమ్మే కట్టెలైతే తేమ 20 శాతం లోపు ఉండాలి. గట్టు మీద ఏరిన పచ్చి కొమ్మలు ఎంత నచ్చినా పొయ్యిలోకి రాకూడదు.

వంట విషయానికొస్తే, కిలో ప్రొపేన్ కాలితే కిలోన్నరకి పైగా నీటి ఆవిరి పుడుతుంది. అన్నం ఆవిరి దీనికి అదనం. అదంతా పొద్దునకి కిటికీ అంచుల మీద కారుతుంది. అందుకే కందిపప్పు నానబెట్టి, మూత గట్టిగా ఉన్న గిన్నెలో నిప్పుల పొయ్యి మీదే పెట్టేది మా వదిన. గ్యాసూ ఆదా, ఆవిరీ తక్కువ. ప్రెషర్ కుక్కర్ మాత్రం గ్యాసు మీదే పెట్టాలి, నిప్పుల పొయ్యి మీద విజిల్ వచ్చాక సెగ తగ్గించే దారి లేదు. వంటంతా పడవ కట్టి ఉన్నప్పుడే. తాలింపుకి చెంచా నూనె చాలు, గారెలు, బజ్జీలు ఇంటికెళ్లాక వేసుకోవచ్చు. పక్కనుంచి పడవ పోతే మనది గట్టుకి కొట్టుకుంటుంది, బాణలి నూనె ఒలికేది అప్పుడే. ఫైర్ బ్లాంకెట్ స్టవ్వుకి నేరుగా పైన కాదు, మంటలు దాటకుండా చెయ్యి అందే పక్క గోడకి ఉండాలి. గది వెచ్చబడటానికి బర్నర్లు వెలిగించి కూర్చోవడం ఎంత చలైనా వద్దు. దానికి పొగగొట్టం లేదు, కాలిన గాలంతా మనకే.

సిడ్నీ గార్డెన్స్ సొరంగాల ముందు కప్పు మీది పొగగొట్టం పై ముక్క తీసేశాం, దానికి గొలుసు ఉంటుంది కాబట్టి నీళ్లలో పడదు. ఆ తరవాత బాత్ లాకులు. చివరివైపున్న డీప్ లాకు లోతు 19 అడుగుల 5 అంగుళాలు. ఈ కాలువ లాకులు 14 అడుగుల వెడల్పు, రెండు నారోబోట్లు పక్కపక్కన దిగొచ్చు. మా పక్కన దిగిన పడవ హీటర్ గొట్టం సరిగ్గా మా వంటింటి కిటికీకి ఎదురుగా వచ్చింది. ఎత్తైన తడి గోడల మధ్య ఆ పొగ ఎటూ పోదు. కిటికీ ఒక్కటే మూశాం, కప్పు కన్నాలు ముట్టుకోలేదు. లాకులోకి వెళ్లేముందే స్టవ్వు కట్టేసి, పొయ్యి మీది కెటిల్ దించి సింకులో పెట్టాం. తలుపుల్లోంచి నీళ్లు వదిలినప్పుడు పడవ ముందుకీ వెనక్కీ ఊగుతుంది.

పడవ తిరిగి ఇచ్చేటప్పుడు పొయ్యి పూర్తిగా ఆరిపోయి ఉండాలి, సిలిండర్ కట్టాక స్టవ్వు వెలిగించి పైపులో మిగిలింది కాలనివ్వాలి. రెండు వైపుల తలుపులూ లోపలినుంచి తాళం లేకుండా తెరుచుకుంటున్నాయో లేదో ఒకసారి చూసి, అలారాల మీద గడువు తేదీ దగ్గరపడి ఉంటే అప్పగింత కాగితం మీదే రాయాలి.