హోస్ట్‌నేమ్ నోడ్ పేరే చెబుతుంది: క్లస్టర్ ఎగ్జామ్ ప్రిపరేషన్‌లో నేను చాలా రోజులు ఆగిపోయిన చోటు

ఫ్రెండ్స్, రెడ్ హ్యాట్ హై అవైలబిలిటీ క్లస్టరింగ్ (ఒక మెషీన్ ఆగినా ఇంకోటి పని అందుకునేలా కలిపి పెట్టడం) ఎగ్జామ్, అదే ఈఎక్స్ 436కి చదువుతున్నవాళ్ల కోసం రాస్తున్నా. ఎగ్జామ్‌లో ఏం అడిగారో బయటపెట్టనని ఒప్పుకునే రాస్తాం కాబట్టి ఆ ప్రశ్నలు అడగొద్దు, ఇంటి ల్యాబ్‌లో నేర్చుకున్నది మాత్రం దాచకుండా చెప్తా.

16 జీబీ ల్యాప్‌టాప్, కేవీఎం (ఒకే కంప్యూటర్‌లో వర్చువల్ మెషీన్లు నడిపేది) మీద మూడు నోడ్లు, అంటే క్లస్టర్‌లోని మెషీన్లు, వాటిని కలిపి నడిపే పేస్‌మేకర్, కోరోసింక్. రెండు రిసోర్స్ గ్రూపులు (ఒకే నోడ్ మీద కలిసి నడిచి, కలిసి కదిలేవి) పెట్టుకున్నా, ఒకటి వెబ్, ఒకటి డేటాబేస్. వెబ్‌కి 192.168.122.51, డేటాబేస్‌కి 192.168.122.52 అని దేని వర్చువల్ ఐపీ దానికే ఉంది, సర్వీస్ ఏ నోడ్‌కి వెళ్తే ఆ ఐపీ కూడా అక్కడికే వెళ్తుంది. ఒక నోడ్‌ని స్టాండ్‌బైలో (సర్వీసులు నడపకుండా పక్కన) పెట్టగానే రెండు గ్రూపులూ ఒకే నోడ్ మీదకి వచ్చాయి. రెండు టెర్మినల్స్‌లో రెండు ఐపీలకి ఎస్ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న మెషీన్‌లోకి లాగిన్) చేస్తే రెండింట్లోనూ అదే హోస్ట్‌నేమ్‌తో ఒకటే ప్రాంప్ట్! ఇప్పుడు ఏ టెర్మినల్ ఏ సర్వీస్ కోసం వచ్చింది?

మెషీన్ ఒకటే అయినప్పుడు ఏ ఐపీతో వస్తే ఏంటి అనుకుని అప్పుడు వదిలేశా. అది ఎంత తప్పో ఆఫీసులో తెలిసింది. అక్కడ లాగిన్ స్క్రిప్ట్ హోస్ట్‌నేమ్ చూసి, ఇది వెబ్ నోడ్, ఇది డేటాబేస్ నోడ్ అని సెట్టింగ్స్ పెట్టేది. ఒక రాత్రి ఫెయిలోవర్ (ఒక నోడ్ ఆగి దాని సర్వీస్ ఇంకోదానికి మారడం) అయి రెండు సర్వీసులూ వెబ్ నోడ్ మీదకి చేరాయి. డేటాబేస్ టీమ్ నుంచి ఒకామె తన సర్వీస్ ఐపీతోనే లాగిన్ అయ్యి, రోజూ నడిపే లాగ్ క్లీనింగ్ స్క్రిప్ట్ నడిపింది, వెబ్ లాగ్‌లు పోయాయి. ఆమె తప్పు ఇసుమంతైనా లేదు.

ఆ తర్వాత ల్యాబ్‌లో కూర్చుని ఒక్కొక్క కమాండూ కొట్టి చూశా. 'పీసీఎస్ స్టేటస్' ఏ రిసోర్స్ ఏ నోడ్ మీద నడుస్తోందో చెబుతుంది, నేను ఎలా వచ్చానో దానికి తెలియదు. 'ఐపీ యాడర్' కొడితే రెండు వర్చువల్ ఐపీలూ కనిపిస్తాయి. 'హూ' కమాండ్ ఎక్కడి నుంచి వచ్చానో చూపిస్తుంది, అంటే నా ల్యాప్‌టాప్ అడ్రస్. నాకు కావలసింది నేను ఏ గుమ్మంలోంచి లోపలికి వచ్చాననేది.

ఆ జవాబు ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (లాగిన్ సెషన్ తనతో ఉంచుకునే విలువ) ఉంటుంది, అన్నీ పెద్దక్షరాలు, మధ్యలో అండర్‌స్కోర్. దాన్ని ఎకో చేస్తే వరుసగా నాలుగు విలువలు వస్తాయి: యూజర్ ఐపీ, యూజర్ పోర్ట్, సర్వర్ ఐపీ, సర్వర్ పోర్ట్. మూడోది 192.168.122.52 అయితే వచ్చింది డేటాబేస్ కోసం, అంతే. ఎస్ఎస్‌హెచ్ క్లయింట్ అని ఇంకో వేరియబుల్ ఉంది, దాంట్లో సర్వర్ ఐపీ ఉండదు, నేను మొదట దాన్నే పట్టుకుని ఒక సాయంత్రమంతా వెతికా.

ఇక జాగ్రత్తలు. 'ఎస్‌యూ హైఫన్' కొట్టినా, మామూలు సెట్టింగ్స్‌లో 'సుడో హైఫన్ ఐ' కొట్టినా (రెండూ ఇంకో యూజర్‌గా మారడానికి) ఈ వేరియబుల్ పోతుంది, స్క్రిప్ట్‌కి ఖాళీ విలువ వస్తుంది. ఖాళీ వస్తే ఏదో ఒక సర్వీస్ అనుకుని ముందుకు పోనివ్వకండి, అక్కడే ఆపేయండి. మధ్యలో లోడ్ బ్యాలెన్సర్ (వచ్చిన కనెక్షన్లని సర్వర్లకి పంచేది) అడ్రస్ మార్చి పంపే చోట మూడో విలువ నోడ్ సొంత ఐపీయే అవుతుంది కాబట్టి అక్కడ ఈ పద్ధతి పనిచేయదు. ఎస్ఎస్‌హెచ్ సర్వర్ సెట్టింగ్స్ ఉండే ఎస్ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్‌లో మ్యాచ్ లోకల్ అడ్రస్ అని రాసి ఒక్కో ఐపీకి ఒక్కో బ్యానర్ పెట్టొచ్చు, లాగిన్ అయ్యేటప్పుడే సర్వీస్ పేరు కళ్లకి కనిపిస్తుంది, నాకు ఇది చాలా నచ్చింది.

అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టింది టీమక్స్, అంటే కనెక్షన్ తెగినా టెర్మినల్‌ని బతికించి ఉంచే టూల్. 51తో వచ్చి టీమక్స్ సెషన్ తెరిచారనుకోండి. వెబ్ గ్రూప్ ఇంకో నోడ్‌కి వెళ్లిపోతే ఐపీ కూడా దాంతోపాటే పోతుంది, మీ కనెక్షన్ తెగుతుంది, కానీ టీమక్స్ పాత నోడ్ మీదే బతికి ఉంటుంది. నోడ్ సొంత ఐపీతో వచ్చి మళ్లీ అటాచ్ అయితే పాత పేన్‌లో (ముందే తెరిచిన టెర్మినల్ భాగంలో) వేరియబుల్ ఇంకా 51 అనే చూపిస్తుంది. వెబ్ సర్వీస్ మాత్రం అక్కడ ఉండదు. అందుకే ఇప్పుడు మూడో విలువ చూశాక, ఆ ఐపీ ఈ నోడ్ మీద ఇంకా ఉందా అని 'ఐపీ యాడర్'తో సరిచూసుకున్నాకే ఏదైనా ముట్టుకుంటున్నా.