బార్సిలోనాలో నాకు స్నేహితులు ఎట్లా దొరికారంటే

అనంతపురంలో మా వీధి పిల్లలెవరైనా చదువుకు ఫారిన్ పోతున్నారంటే, స్పెయిన్‌లోని బార్సిలోనా నుంచి నేను సెలవులకు వచ్చి ఉంటే చాలు, మా అమ్మ వాళ్లను తెచ్చి నా ముందు కూర్చోబెడుతుంది. వీసాకు ఏమేం కాగితాలు కావాలి, రూం అద్దె ఎంత, పార్ట్ టైం దొరుకుతుందా, కందిపప్పు దొరుకుతుందా, అన్నీ అడుగుతారు. వీటికి జవాబులు తేలిక. స్పెయిన్ అయితే దిగిన నెల లోపల విదేశీయుల గుర్తింపు కార్డుకు అర్జీ పెట్టుకోవాలి, ఉంటున్న ఇంటి చిరునామా మునిసిపాలిటీలో రాయించుకోవాలి. వాటికి ఆన్‌లైన్‌లో అపాయింట్‌మెంట్ దొరకడం మన తత్కాల్ టికెట్ కంటే కష్టం. కందిపప్పు, కరివేపాకు రావాల్ అనే పేటలో దొరుకుతాయి, అక్కడ పాకిస్తానీ, బంగ్లాదేశీ అంగళ్లు వరసగా ఉంటాయి. సాయంత్రం క్లాసులైపోయినాక ఎవరితో మాట్లాడతావక్కా అని మాత్రం ఒక్కరూ అడగరు. మొదటి చలికాలం నన్ను ఏడిపించింది అదే. అందుకే దాని గురించే రాస్తున్నా.

నేను భాష రాకుండా పోలేదు. మా ఊళ్లో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు నడిపే విదేశీ భాషల స్కూల్లో స్పానిష్ నేర్చుకున్నా. అసలు మా జిల్లాకు స్పెయిన్ అంత దూరం దేశమేమీ కాదు. విన్సెంట్ ఫెర్రర్ పుట్టింది బార్సిలోనాలో, 1920లో. ఆయన అనంతపురం వచ్చి 1969లో ఆర్డీటీ మొదలుపెట్టి, 2009లో ఇక్కడే కన్నుమూశారు. మా చుట్టుపక్కల ఊళ్లల్లో, తమను చదివించే స్పెయిన్‌లోని దాతలకు ఉత్తరం రాసి, దాని కింద పువ్వో చిలకో గీసి పంపిన పిల్లలు ఇంటికొకరు ఉంటారు. ఎర్రటి ఎండలో టోపీలు పెట్టుకుని తిరిగే స్పానిష్ వాళ్లు మాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. ఆ ధీమాతోనే విమానం ఎక్కాను.

తీరా చూస్తే అక్కడి వాళ్లు చాలామంది తమలో తాము మాట్లాడుకునేది కాటలాన్, ఆ ప్రాంతం సొంత భాష. నా ముఖం కనపడగానే మర్యాదకు స్పానిష్‌లోకి మారతారు, నేను అటు తిరగ్గానే మళ్లీ కాటలాన్‌లోకి పోతారు. నవ్వు పుట్టే మాటలన్నీ ఆ రెండో దాంట్లోనే ఉంటాయి.

ఫ్లాట్‌లో అందరం తెలుగువాళ్లమే. మంచి పిల్లలు. జ్వరమొస్తే జావ కాచిచ్చారు, డబ్బు అయిపోతే సర్దారు. కానీ ఆదివారం బిర్యానీ, రాత్రి సినిమా, పొద్దున వాట్సాప్‌లో ఇంటి కబుర్లు, ఇట్లా నెలలు గడిస్తే మనం ఏ దేశంలో ఉన్నామో మెట్రో బోర్డులు చూసి గుర్తు తెచ్చుకోవాల్సిందే. ఇక క్లాసులో ఉండే ఊరి పిల్లలు బాగానే పలకరిస్తారు. వాళ్లకు ఒకటో తరగతి నుంచీ ఉన్న స్నేహితులు అదే ఊళ్లో ఉన్నారు. రెండేళ్లుండి పోయే నాతో కొత్తగా స్నేహం పెట్టుకోవాల్సిన పని వాళ్లకేముంది? ఇది వాళ్ల తప్పేం కాదు. అనంతపురంలో చదవడానికి ఒక స్పానిష్ అమ్మాయి వస్తే మేమైనా ఉగ్గాని బజ్జి పెట్టించి, సెల్ఫీ తీసుకుని పంపించేవాళ్లం.

భాషలు మార్చుకునే సాయంత్రాలని బార్లలో జరుగుతుంటాయి. వాటికీ పోయా. పేరేంటి, ఏ దేశం, ఏం చదువుతున్నావ్. ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పేలోపు ఎదుటి మనిషి మారిపోతాడు, వచ్చే వారం అందరూ కొత్తవాళ్లే. వ్యాకరణానికి పనికొస్తాయేమో గానీ, స్నేహానికి నా లెక్కలో పనికిరావు.

పనికొచ్చింది వేరే పథకం. బార్సిలోనా ఉన్న కాటలోనియా ప్రాంతంలో 2003 నుంచి నడుస్తోంది. భాష వచ్చిన ఒక వాలంటీరును, నేర్చుకునే ఒకరిని జత కలుపుతారు, వారానికి ఒక గంట చొప్పున పది వారాలు కాటలాన్‌లోనే మాట్లాడుకోవాలి. ఫీజు లేదు, పరీక్ష లేదు. నాకు రిటైరైన టీచరమ్మ జతపడింది. స్పెయిన్‌ను ఏలిన ఫ్రాంకో నియంతృత్వంలో బడి చదువంతా స్పానిష్‌లోనే సాగిన తరం ఆమెది. ఇంట్లో మాట్లాడే భాషను రాయడం పెద్దయ్యాక నేర్చుకుందట. అందుకే కాబోలు, నేను తడబడి స్పానిష్‌లోకి జారితే విననట్టే కాఫీ తాగేది.

మొదటి రోజు మీదే ఊరని అడిగింది. హైదరాబాద్‌లోనే మా ఊరి పేరు చెబితే "కేరళలోదా?" అంటారు, వాళ్లకు తెలిసింది తిరువనంతపురం. ఇక్కడెవరికి తెలుస్తుందిలే అని, బెంగళూరు దగ్గర అన్నా. దగ్గరంటే ఎక్కడ అంది. అనంతపురం అన్నా. ఆమె కప్పు కింద పెట్టేసింది. వాళ్ల చెల్లెలు ఏళ్ల తరబడి మా జిల్లాలో ఒక అమ్మాయిని చదివిస్తోందట, ఇంట్లో ఫ్రిజ్ మీద ఫోటో ఉందట. న్యూయార్క్‌లో, లండన్‌లో ఏమో గానీ, బార్సిలోనాలో అనంతపురం పేరు చెబితే తలూపే మనుషులు ఉన్నారు. ఆ తర్వాత నేను బెంగళూరు పేరెత్తలేదు.

ఆమే చెప్పింది, "మాటలతో స్నేహితులు కావాలంటే ఏళ్లు పడుతుంది, కొల్యాలో చేరు, వాళ్లకు నీ మాట కాదు, నీ భుజం కావాలి" అని.

కొల్యా అంటే మనుషుల గోపురాలు కట్టే బృందం. గోపురాన్ని కస్తేల్ అంటారు. ఇది 18వ శతాబ్దం చివర వాల్స్ అనే ఊరి దగ్గర పుట్టింది, 2010లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. మనిషి భుజాల మీద మనిషి నిలబడి ఎనిమిది, తొమ్మిది, పెద్ద బృందాలైతే పది అంతస్తులు లేపుతారు. అంతస్తుకు ముగ్గురు చొప్పున ఎనిమిదైతే దానికొక పేరు, నలుగురైతే ఇంకో పేరు. చిట్టచివరికి ఎక్కేది హెల్మెట్ పెట్టుకున్న చిన్న పాపో బాబో, ఆ బిడ్డ చెయ్యెత్తితే గోపురం నిండినట్టు. అందరూ ఫోటో తీసేది ఆ బిడ్డనే. కానీ కింద వందలమంది ఒకరినొకరు ఒత్తుకుని నిలబడే పిన్యా అనే గుంపు ఉంటుంది. బరువు సర్దేది వాళ్లు, పైనుంచి పడితే పట్టేదీ వాళ్లే. ఆ గుంపుకు మనుషులు ఎంతమంది వచ్చినా చాలరు. ముసలీముతక, లావు, సన్నం, ఏ దేశమైనా సరే.

నేను మా పేటలోని బృందం రిహార్సల్‌కు పోయా. వారానికి రెండు సాయంత్రాలు, పెద్ద షెడ్డులో జరుగుతుంది. నా చదువు, వీసా ఎవరూ అడగలేదు. గోడకు ఆనించి నిలబెట్టి, నేల నుంచి భుజం దాకా ఎత్తు కొలిచి రాసుకున్నారు, అంతే. ఆ కొలతను బట్టే గుంపులో ఎవరి చోటు ఎక్కడో తేలుస్తారు. తర్వాత నడుముకు ఫాషా కట్టుకోవడం నేర్పించారు. నల్లటి గుడ్డ, మీటర్ల కొద్దీ పొడవు. ఒంటరిగా కట్టుకోవడం కుదరదు. ఒక కొస నా నడుముకు అదిమిపెట్టుకున్నా, రెండో కొసను ఒకమ్మాయి అల్లంత దూరంలో నిలబడి బిగదీసి పట్టుకుంది. నేను గిరగిరా తిరుగుతూ ఆ గుడ్డలోకి చుట్టుకుంటూ ఆమె దాకా పోవాలి. మడత వదులైతే మళ్లీ మొదటికి. వెన్నుకు ఆసరా అదే, ఎక్కేవాళ్లకు కాలు పెట్టే మెట్టూ అదే. చుట్టుకోవడం అయ్యేసరికి ఇద్దరం ముఖాముఖి నిలబడి నవ్వుతున్నాం. ఆ నగరంలో నాకు దొరికిన మొదటి స్నేహితురాలు ఆమే.

అసలు ఇబ్బంది పిన్యాలో నిలబడ్డాకే తెలిసింది. ముందున్నాయన వీపు మీద నా రెండు చేతులు, నా వీపుకు వెనకవాళ్ల ఛాతీ, పక్కనుంచి ఎవరిదో చెమట వాసన. మా అన్న స్నేహితులొస్తే మంచినీళ్లు గుమ్మం దగ్గర పెట్టి లోపలికి పోయిన ఇంటి నుంచి వచ్చినదాన్ని. ఒళ్లంతా బిగుసుకుపోయింది. గుంపును సర్దే ఆవిడ అది చూసింది. ఏమీ అడక్కుండా నన్ను ఇద్దరాడవాళ్ల మధ్యకు మార్చింది. ఒకప్పుడు ఇది మగవాళ్ల వ్యవహారమే, 1980ల నుంచే ఆడవాళ్లు ఎక్కువగా చేరారు, బరువు తక్కువ గనక గోపురాల ఎత్తూ పెరిగింది అని ఆ తర్వాత ఆవిడే చెప్పింది. కొన్ని వారాలకు ఎవరి పక్కన నిలబెట్టారో చూసుకోవడం మానేశా. పైన మనుషులుంటే కింద ఆ ధ్యాస ఉండదు.

వీడియో చూసి అమ్మ ఫోన్ చేసింది.

"ఎవురే వాడు, నీ ముందర?"

"పోస్టాఫీసులో పనిచేస్తాడుమా."

"వాని వీపు నువ్వెందుకు పట్టుకున్యావు?"

"అందరూ అట్లనే పట్టుకోవల్లమా. నన్ను ఎనకనుంచి పట్టుకునింది ఒగ అవ్వ."

"అవ్వకేం పనే ఆడ!"

వెనక నుంచి నాన్న గొంతు. "పైన పిల్లకు హెల్మెట్ ఉండాది గానీ, నీకేది?"

మంచి ప్రశ్నే. కిందున్నవాళ్లకు చెప్పే మొదటి రూలు తల పైకెత్తొద్దని. ఎత్తినప్పుడు గోపురం కూలితే మెడకు ప్రమాదం. కాబట్టి గడ్డం ఛాతీకి ఆనించి, పైన ఏం జరుగుతోందో చెవులతోనే తెలుసుకోవాలి. గ్రాల్యా అనే వాయిద్యం వాయిస్తారు, అది మన సన్నాయి జాతిదే. ఏ అంతస్తు దాకా వచ్చిందో దాని పాటను బట్టి తెలుస్తుంది, బిడ్డ చెయ్యెత్తినప్పుడు పాట మారుతుంది. సెప్టెంబరులో లా మెర్సే పండగకు సాంత్ జౌమె చౌకులో కట్టినప్పుడు వేలమంది చూశారు, లోపల ఉన్న నేను మాత్రం ఒక నీలం చొక్కా కుట్టు చూస్తూ నిలబడ్డా. సన్నాయి మారింది, జనం అరిచారు. అప్పుడే అయిపోయిందనుకుంటారు చూసేవాళ్లు. దిగేటప్పుడు కూడా గోపురాలు కూలతాయి. ఆ రోజు క్షేమంగా దిగారు.

పడిన రోజూ ఉంది, అది ఇంకో ఊళ్లో. పైనుంచి ఒక మోకాలు వచ్చి నా భుజం మీద దిగింది, ఎముక విరగలేదు, కమిలింది. ఆ మోకాలి తాలూకు పిల్లోడు ఐస్ గడ్డలు తెచ్చి, బస్సులో నా పక్కన కూర్చుని దారి పొడుగునా సారీ చెప్పాడు. అప్పటికి అతని పేరు కూడా నాకు తెలియదు. తర్వాత వాళ్ల ఇంట్లో క్రిస్మస్ భోజనానికి పోయా.

చలికాలం చివర కల్సోత్‌ల విందు చేస్తారు. అవి లావుపాటి ఉల్లికాడలు. మంట మీద నల్లగా మాడ్చి, పేపర్లో చుట్టి ఉంచుతారు. పైపొర ఒక్క లాగుతో ఊడదీసి, తల వెనక్కి వాల్చి, కొస నుంచి నోట్లోకి దింపుకోవాలి. మెడకు గుడ్డ కట్టుకోకపోతే చొక్కా గతి అంతే. నంజుకోవడానికి కాల్చిన టమోటా, తెల్లగడ్డ, బాదం, ఎండుమిరపతో చేసిన పచ్చడి ఉంటుంది. దాన్ని నాలుక మీద పెట్టుకోగానే నాకు మా వైపు చేసే శెనక్కాయ పచ్చడి, ఊరిబిండి గుర్తొచ్చింది. మరుసటి విందుకు రావాల్‌లో శెనక్కాయ విత్తనాలు కొని, వేయించి, పచ్చిమిరపకాయలూ టమోటా కలిపి బరకగా నూరుకుపోయా. కారం తగ్గించే చేశా. అయినా పోస్టాఫీసాయన కళ్లలో నీళ్లు తిరిగాయి, గిన్నె మాత్రం వదల్లేదు. టీచరమ్మ చెల్లెలికి ఒక సీసా పంపించా. ఏళ్లుగా డబ్బు పంపుతున్న జిల్లా రుచి ఆమెకు అప్పుడే తెలిసిందట.

అట్లా నా వైపు నుంచి కూడా చెప్పడానికి ఏదో ఒకటి దొరికేది. దయ్యాల వేషాలు వేసుకుని టపాసులు కాలుస్తూ వీధిలో పరుగెత్తే ఉత్సవానికి తీసుకుపోయి, సింథటిక్ బట్టలొద్దు, నూలువే వేసుకో అన్నారు. నిప్పుకు భయపడతావా అంటే, మా అమ్మమ్మ వాళ్ల నార్పల పక్కన గూగూడులో మొహర్రానికి జరిగే కుళ్ళాయిస్వామి అగ్నిగుండం గురించి చెప్పా, హిందువులూ ముస్లింలూ కలిసి చేస్తారని. గోపురం గురించి గొప్పలు పోతే ఉట్లమాను గురించి చెప్పా. నున్నగా జారే మానును ఎక్కుతుంటే పైనుంచి నీళ్లు పోస్తారు అంటే, వాళ్లకు ఒకటే అనుమానం, కింద పట్టుకోవడానికి ఎంతమంది ఉంటారని. ఎవరూ ఉండరు, చుట్టూ చేరి ఈలలేస్తారంతే అన్నా. నమ్మలేదు. ఫాషా కట్టిన అమ్మాయి, మోకాలి పిల్లోడు వచ్చే ఏడు ఉట్ల పరుష చూడ్డానికి వస్తామంటున్నారు. వాళ్లకు మూడు పూటలా ఏం వండాలో అమ్మ ఇప్పటి నుంచే లెక్కలేస్తోంది.

ఇప్పుడు నా కాటలాన్ ఫర్వాలేదు. బరువు తక్కువ, అడుగు నిలకడగా పడుతుంది అని, పోయిన నెల నన్ను గుంపులోంచి తీసి పైకి ఎక్కించి చూశారు. రిహార్సల్లో కింద వల ఉంటుంది. ఈ సీజన్‌లో మూడో అంతస్తుకు తయారు కమ్మన్నారు. నాన్నకు చెప్పా. అమ్మకు ఆయన్నే చెప్పమన్నా, ఆయనేమో నువ్వే చెప్పుకో పాపా అంటున్నాడు.