పాప కోసం వేసిన పిటిషన్, సెక్షన్ 17

నా సహచరి క్యాన్సర్‌తో చనిపోయాక, పెద్దకర్మ ముగిసిన మరునాడు ఆమె తల్లిదండ్రులు మా పాపను విజయనగరం తీసుకువెళ్లారు. "కొన్నాళ్లు మా దగ్గర ఉంటుందిలే అమ్మా, నువ్వు కాస్త కుదుటపడు" అని ఆమె తల్లి అన్నప్పుడు కాదనలేకపోయాను. పిల్లను తిరిగి పంపేది లేదని తరువాత ఆమె అన్నయ్య ఫోనులో చెప్పారు. విశాఖ ఫ్యామిలీ కోర్టులో నేను వేసిన గార్డియన్‌షిప్ పిటిషన్ ఇప్పుడు వాయిదాల మీద నడుస్తోంది. అడుగుతున్న మిత్రులందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

పాపను చట్టప్రకారం దత్తత తీసుకున్నది ఆమె ఒక్కతే. జంటగా దత్తత కోరేవారికి కనీసం రెండేళ్ల స్థిరమైన వైవాహిక జీవితం ఉండాలని కారా (దత్తతలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ) నిబంధన. మాకు పెళ్లి అన్నదే లేదు. స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన సెక్షన్ 377 మీద 2018లో వచ్చిన తీర్పుతో మా బంధం నేరం కాకుండా పోయింది గాని, 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్వలింగ వివాహాలకు గుర్తింపు ఇవ్వడానికి నిరాకరించింది. దత్తత విషయంలో మాకు అనుకూలంగా ఇద్దరు న్యాయమూర్తులు రాసిన అభిప్రాయం ముగ్గురి మెజారిటీ ముందు నిలవలేదు. ఎదుటి పక్షం తమ కౌంటరులో, అంటే మా పిటిషన్‌కు ఇచ్చిన జవాబులో, నన్ను ఎం.వి.పి. కాలనీ ఫ్లాటులో ఉన్న "పేయింగ్ గెస్టు"గా పేర్కొంది. (అద్దె ఒప్పందం నా పేరు మీదే ఉంది, ఆ లెక్కన ఎవరు ఎవరికి గెస్టో వారే చెప్పాలి.)

కీమో నడుస్తున్న రోజుల్లోనే ఆమె వీలునామా రాసి, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు చేయించి, పాపకు నన్ను గార్డియన్‌గా నియమించింది. అయితే 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో, వీలునామా ద్వారా గార్డియన్‌ను ఎవరు నియమించవచ్చో చెప్పే సెక్షన్ 9 వితంతువు గురించి, భర్త సహజ గార్డియన్‌గా ఉండే హక్కు కోల్పోయిన తల్లి గురించి, పెళ్లి కాకుండా బిడ్డను కన్న తల్లి గురించి మాట్లాడుతుందే తప్ప, ఒంటరిగా దత్తత తీసుకున్న తల్లి ప్రస్తావన అందులో నేరుగా లేదు. కౌంటరులోని వాదనంతా ఆ ఖాళీ మీదే నిలబడింది.

అందుకే మా లాయరు గారు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టాన్ని ముందు పెట్టారు. నాకు అందులో పెళ్లి చట్టాలన్నిటికంటే ఎక్కువ చోటు కనిపించింది. సెక్షన్ 8 ప్రకారం బంధువే కానక్కరలేదు, మైనరు స్నేహితులైనా పిటిషన్ వేయవచ్చు. సెక్షన్ 9 ప్రకారం పిల్ల మామూలుగా నివసించే చోటి కోర్టుకే విచారణాధికారం ఉంటుంది. బడి, టీకాల కార్డు, ఆధార్ చిరునామా అన్నీ విశాఖవే కాబట్టి విజయనగరంలో విచారించాలన్న అభ్యంతరం నిలవదని మా నమ్మకం. ఇక సెక్షన్ 17 రక్తసంబంధాన్ని లెక్కలోకి తీసుకోమంటూనే, చనిపోయిన తల్లి లేదా తండ్రి కోరికను, గార్డియన్ కాగోరే వ్యక్తికి ఆ పిల్లతో అంతకుముందు ఉన్న అనుబంధాన్ని కూడా చూడమంటుంది. బ్రిటిష్ వారి కాలంలో ఆ మాటలు రాసినవారికి మాలాంటి ఇల్లు ఊహలో కూడా ఉండి ఉండదు, అయినా మా ఇంటికి అవి అతికినట్టు సరిపోతున్నాయి.

ఆ అనుబంధానికి రుజువుగా ఇచ్చిన వాటిలో బడి డైరీ ఒకటి. తల్లిదండ్రుల సంతకం గడిలో దాదాపు ప్రతి పేజీలోనూ నా సంతకమే ఉంది. ఒకచోట టీచరు ఎర్ర సిరాతో "పిన్ని గారూ, రేపు ఇన్‌హేలర్ మరచిపోకండి" అని రాశారు. పాప నన్ను ఇంట్లో అమ్మా అనీ, బయట పిన్నీ అనీ పిలిచేది. ఆ తేడా మేము నేర్పలేదు, బడిలో చేరాక తనే పెట్టుకుంది.

ఇష్టం చెప్పగల వయసు పిల్లకు వచ్చిందనిపిస్తే న్యాయమూర్తి ఆమె మాటను పరిగణనలోకి తీసుకోవచ్చు. కోర్టు ఆవరణలో కలిసినప్పుడు నేను చదువు సంగతీ, ఆయాసం సంగతీ తప్ప మరేమీ అడగడం లేదు. నేను నేర్పిన జవాబు ఆమె నోట రావడం నాకు ఇష్టం లేదు.

అమ్మమ్మ తాతయ్యల ప్రేమను నేను శంకించడం లేదు. కూతురిని పోగొట్టుకున్న వారికి మనవరాలే మిగిలింది. సంక్రాంతికీ, వేసవి సెలవులకూ పాప వారి దగ్గర ఉండేలా ఉత్తర్వు ఇవ్వమని మా పిటిషన్‌లోనే రాయించాను. వారు అడగకుండానే ఇస్తున్నారేమిటని లాయరు గారు విసుక్కున్నా ఆ పేరా తీయించలేదు. వారి కౌంటరులో మాత్రం నేను పాపను చూడటానికి రావచ్చన్న మాట కూడా లేదు. రాబోయే వాయిదాలో మేము మొదట ఆ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూపించబోతున్నాము.