బోరింగు దగ్గర కుదిరిన ఒప్పందం

పాత బడి నేస్తులారా, 1978లో నేను ఆరో తరగతి, బి సెక్షన్. అప్పుడు అనంతపురంలో మన బడి మొత్తానికీ ఒకటే బోరింగు, పదిసార్లు కొడితే గానీ చుక్క పైకి వచ్చేది కాదు. మధ్యాహ్నం గంట కొట్టగానే 'ఏ' సెక్షన్ వాళ్లూ మేమూ ఒకేసారి పరుగు. సెప్టెంబరులో ఒకరోజు అక్కడ పెద్ద గొడవైంది, ఒకరి క్యారియర్ గిన్నె ఇంకొకరి నుదుటికి తగిలి రక్తం వచ్చింది, ఆ తర్వాత రెండు సెక్షన్లకూ మాటల్లేవు.

సోషల్ సారు ఎవర్నీ కొట్టలేదు. మర్నాడు చంకలో పేపరుతో వచ్చి, బోర్డు మీద ఒక త్రికోణం గీసి, "ఇది సినాయి, మన జిల్లా లాంటివి మూడు పడతాయి, అంతా ఎడారి" అన్నారు. 1967 యుద్ధంలో ఇజ్రాయెల్ దాన్ని ఈజిప్టు దగ్గర్నుంచి పట్టుకుందని, 1973లో మళ్లీ కొట్టుకున్నారని, ఇప్పుడు ఇద్దరు పెద్దలూ అమెరికాలో క్యాంప్ డేవిడ్ అనేచోట 13 రోజులుండి ఒక రాజీకి వచ్చారని చెప్పారు. రాజీ అన్న మాట మాకు ఇళ్లలో తెలిసిందే. "అయితే అన్ని రోజులూ ఎదురెదురుగా కూర్చోలేదప్పా, కూర్చుంటే కొట్లాటే. ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ ఒక ఇంట్లో, ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్ ఇంకో ఇంట్లో. అమెరికా అధ్యక్షుడు కార్టర్ కాగితం పట్టుకుని ఇటూ అటూ తిరిగినాడు."

ఇక మమ్మల్ని విడగొట్టారు. 'ఏ' సెక్షన్ గదిలో, మేం వేపచెట్టు కింద. మధ్యలో కార్టర్ లాగా సారే. మొదటిసారి వచ్చి మీకేం కావాలని అడిగితే అందరం ఒక్కసారే అరిచాం. రెండోసారి వచ్చి "వాళ్ల కోసం ఏం వదులుకుంటారు?" అంటే ఒక్కరూ నోరు మెదపలేదు. అట్లా నాలుగుసార్లు తిరిగాక రోజు మార్చి రోజు ఒక సెక్షన్ ముందు తాగాలని, ఎవరైనా తప్పితే చెయ్యెత్తకముందే ఇద్దరు లీడర్లూ కలిసి సారు దగ్గరికి రావాలని రాసుకున్నాం. (కార్టర్ కాగితం 23 సార్లు తిరగరాశారట, అది చాలా ఏళ్లకు చదివాను.)

సారు ఆ కాగితం పైకి చదువుతుంటే నాకు కడుపులో మండింది. లీడర్లిద్దరూ మగపిల్లలే, మాట్లాడిందీ వాళ్లే. ఆడపిల్లలం మేం ఎప్పుడూ అందరూ అయిపోయాక, గంట కొట్టేలోపు ఎన్ని గుక్కలు దొరికితే అన్ని తాగి వెళ్లేవాళ్లం. లేచి నిలబడి "సార్, మేమెప్పుడు తాగాల?" అని అడిగాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "పాపా, అక్కడ పాలస్తీనా వాళ్ల భూముల సంగతి కూడా కాగితంలో రాసినారు, కానీ వాళ్ల మనిషిని ఒక్కర్నీ పిలవలేదు. నేనూ అదే తప్పు చేసినా" అని ఎర్ర ఇంకుతో మా కోసం ఇంకో వరుస రాశారు. పదకొండేళ్ల పిల్లతో తప్పు చేశానని చెప్పిన పెద్దమనిషిని నేను చూడడం అదే మొదలు.

అసలు శాంతి ఒప్పందం మీద సంతకాలు 1979 మార్చి 26న అయ్యాయి, ఆ రోజుల్లోనే సారు మాకందరికీ బొరుగులు పంచారు. 1981 అక్టోబరులో సాదత్‌ను సొంత సైన్యంలోని వాళ్లే చంపినప్పుడు పాఠం చెప్పలేక పుస్తకం మూసేశారు. అయినా మాట నిలబడింది, 1982 ఏప్రిల్‌కు సినాయి నుంచి ఇజ్రాయెల్ దాదాపు పూర్తిగా వెళ్లిపోయింది.

2025 మేలో, భారత్-పాకిస్తాన్ కాల్పులు ఆగినప్పుడు, మూడో తరగతి చదివే మా మనవడు టీవీ చూసి "జేజీ, యుద్ధం ఆగిపోయిందంటే ఇంక ఫ్రెండ్సేనా?" అన్నాడు. కాల్పులు ఆపడం వేరు, రాజీ పడడం వేరు నాయనా, కొరియాలో 1953లో ఆపారు గానీ ఈనాటికీ శాంతి ఒప్పందం రాసుకోలేదు అన్నాను. వాడికి ఎక్కలేదు. బోరింగు కథ చెప్పాను. అంతా విని వాడు అడిగింది ఒకటే, "మరి నీకు నీళ్లు దొరికినాయా?" దొరికినాయి నాయనా, రెండు రోజులు కొట్లాడినాక.

ఇంకో సంగతి సారుకు చెప్పాలని ఉండేది. చివరి రోజు బెగిన్ సంతకం పెట్టనని వెళ్లిపోబోతుంటే, కార్టర్ ఫోటోల మీద బెగిన్ మనవళ్లు, మనవరాళ్ల పేర్లు ఒక్కొక్కటీ రాసి తీసుకెళ్లి ఇచ్చారట. ఆ పేర్లు చదువుతూ బెగిన్ కళ్లనీళ్లు పెట్టుకున్నారట. నేను అది చదివేసరికి సారు లేరు.

మన కాగితం చాలా రోజులు సారు టేబులు సొరుగులో ఉండేది. ఇద్దరు లీడర్లలో ఎవరి దగ్గరున్నా సరే, ఈసారి అందరం కలిసినప్పుడు తీసుకురండి. ఆ ఎర్ర ఇంకు వరుస ఒకసారి చూడాలి.