చెయ్యి ఆయనదే, మాటలు ఎవరివి? ఒక చివరి ఉత్తరాన్ని పరిశీలించిన నా అనుభవం

అనంతపురంలో డిగ్రీ విద్యార్థులకు తెలుగు చెబుతూ, భాషాశాస్త్రం మీద ఆసక్తితో మాండలికాలను చదువుకుంటున్న నాకు, ఒక న్యాయవాది ద్వారా అనుకోని పని వచ్చింది. పాత అనంతపురం జిల్లాలోని ఒక మెట్ట ఊరి రైతు ఆత్మహత్య చేసుకునే ముందు రాసిన ఉత్తరాన్ని భాషపరంగా పరిశీలించి, అందులోని కొన్ని వాక్యాలు ఆయన సొంతవేనా అన్నది చెప్పాలని ఆ కోరిక. ఆ కుటుంబం అనుమతితోనే ఇది రాస్తున్నాను. వారిని గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఉత్తరంలోని మాటలను కూడా, పరిశీలన అర్థం కావడానికి అవసరమైనంత మేరకు తప్ప, ఇక్కడ ఎత్తి రాయడం లేదు.

చేతిరాత విషయంలో వివాదం లేదు. పోలీసులు ఆ కాగితాన్ని ప్రయోగశాలకు పంపగా, అక్షరాలు ఆ రైతువేనని నివేదిక వచ్చింది. అయినా పెద్దకొడుకు మనసు ఒప్పుకోలేదు. "మా నాయన చెయ్యే సార్, కాదన్ను. మాటలు మాత్రం మా నాయనవి గావు" అన్నాడు. ఉత్తరం చాలా భాగం ఇంట్లో మాట్లాడే మాటలోనే ఉండి, చివరి భాగంలో నాలుగైదు వాక్యాలు మాత్రం దస్తావేజు భాషలోకి మారాయి. ఆ వాక్యాల్లో బోరున్న చేను చిన్నకొడుక్కు చెందాలని ఉంది. చిన్నకొడుకు అత్తగారి తరఫు వాళ్లెవరో పక్కన కూర్చుని చెప్పి రాయించారని పెద్దవాడి అనుమానం. ఆ కాగితం వీలునామాగా చెల్లదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం వీలునామాకు కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. కానీ ఎవరైనా దగ్గరుండి రాయించారన్నది నిజమైతే ప్రశ్న ఆస్తితో ఆగదు, ఆ మనిషి మీద ఎవరు ఎంత ఒత్తిడి తెచ్చారన్న దాకా పోతుంది. అందుకే ఆ నాలుగైదు వాక్యాలకు అంత బరువు వచ్చింది.

ఒకే కాగితంలో రెండు రకాల భాష కనిపించినప్పుడు అనుమానం రావడం కొత్త కాదు. కోర్టు వివాదాల్లో భాషను ఆధారంగా పరిశీలించే పనికి ఫోరెన్సిక్ భాషాశాస్త్రం అన్న పేరు స్థిరపడిందే అటువంటి అనుమానం నుంచి. లండన్‌లో భార్యాబిడ్డల మరణాల ఉదంతంలో, బిడ్డను చంపాడన్న నేరం మీద తిమోతీ ఎవాన్స్ అనే అతన్ని 1950లో ఉరి తీశారు; 1966లో, చనిపోయిన తరువాత, క్షమాభిక్ష ప్రకటించారు. అతను 1949లో పోలీసులకు ఇచ్చినట్టు చెప్పిన వాంగ్మూలాలను యాన్ స్వార్ట్‌విక్ అనే స్వీడన్ భాషాశాస్త్రవేత్త పరిశీలించి, నేరాన్ని ఒప్పుకున్న భాగాల వాక్యనిర్మాణం మిగతా భాగాలతో కలవడం లేదని 1968లో ప్రచురించిన చిన్న పుస్తకంలో చూపించాడు. 1953లో ఉరికి గురైన డెరెక్ బెంట్లీ వాంగ్మూలంలో 'అప్పుడు' అన్న అర్థమిచ్చే మాట వాక్యంలో కూర్చున్న చోటు మామూలు మనుషుల మాటతీరుకు కాక పోలీసుల రాతకు దగ్గరగా ఉందని మాల్కం కౌల్థార్డ్ చూపించాడు. ఆ శిక్షను అక్కడి అప్పీలు కోర్టు 1998లో కొట్టివేసింది. ఈ రెండూ నాకు తెలుసు కాబట్టే జాగ్రత్త కూడా పడ్డాను. ఆ కేసుల్లో భాష మారడం అనేది అనుమానాన్ని బలపరిచింది. మా రైతు విషయంలోనూ అదే జరగాలన్న నియమం ఏమీ లేదు.

మొదట చేసిన పని, కథ వినకుండా ఉండటం. ఎవరు ఎవరిని అనుమానిస్తున్నారో, ఉత్తరం ఎప్పుడు ఎక్కడ దొరికిందో నా తొలి పరిశీలన ముగిసే దాకా చెప్పవద్దని న్యాయవాదిని కోరాను. పైన నేను రాసిన వివరాలన్నీ ఆ తరువాత తెలిసినవే. ఏ వైపు మాటనైనా ముందే వింటే, చదివేవాడి కంటికి ఆ వైపు ఆధారాలే ముందుగా కనిపిస్తాయి. ఇది నిజాయితీకి సంబంధించిన సంగతి కాదు, మనిషి బుద్ధి పనిచేసే తీరే అంత.

రెండవది, పోల్చి చూడటానికి ఆయన రాసిన ఇతర కాగితాలు. అసలు కష్టం ఇక్కడే. చదువు ఐదో తరగతితో ఆగిన రైతు ఇంట్లో రాతలు ఏముంటాయని కుటుంబం మొదట చేతులెత్తేసింది. ఓపిగ్గా వెతికిస్తే, కొడుకులు హాస్టల్లో చదువుకునే రోజుల్లో వాళ్లకు రాసిన ఉత్తరాలు, విత్తనాల అంగడి బాకీలు రాసుకున్న పొడుగు నోటుపుస్తకం, కొన్ని ప్రోనోట్ల నకళ్లు బయటపడ్డాయి. వీటిలో దస్తావేజు భాష ఆయన సొంతంగా రాసినది ఒక్క ముక్క లేదు. అక్కడితో ఆగి ఉంటే పెద్దకొడుకు అనుమానమే గట్టిగా నిలబడేది. కానీ ఊళ్లో ఇంకెవరి దగ్గరైనా ఆయన చేతిరాత ఉందా అని అడగమన్నాను. అప్పుడు ఆ కొడుకుల తల్లి, అది చెప్పవలసిన సంగతని తనకు అంతవరకు తోచనట్టుగా, "సోమవారం కలెక్టరాఫీసుకు పొయ్యే వాళ్లకంతా అర్జీలు రాసిచ్చేది ఆయనే గదా సార్" అంది.

ఇల్లిల్లూ తిరిగి ఆ అర్జీల నకళ్లు తెచ్చింది పెద్దకొడుకే. తన అనుమానానికి అవి అడ్డు రావచ్చని తెలిసీ, ఒక్కటి కూడా దాచకుండా తెచ్చాడు. ఈ పని మొత్తంలో నాకు అందరికంటే ఎక్కువ గౌరవం కలిగింది అతని మీదే.

ఆ అర్జీల్లో ఆయన మరో మనిషిలా కనిపిస్తాడు. పిల్లలకు రాసిన ఉత్తరాల్లో 'ఉండాది', 'శానా', 'రొంత' అని రాసిన చెయ్యే ఇక్కడ 'తమరి సముఖమునకు విన్నవించుకొనడమేమనగా' అని మొదలుపెడుతుంది. అక్షరదోషాలు రెండింటిలోనూ ఉన్నాయి: భూమి 'బూమి' అవుతుంది, హక్కు 'అక్కు' అవుతుంది. అర్జీల్లో మాత్రం ఇంకొక విశేషం ఉంది. మాటల మొదట్లో హకారం జారిపోతుందన్న ఎరుక ఆయనకు ఉన్నట్టుంది. గౌరవంగా రాయాలనుకున్నప్పుడు అక్కరలేని చోట కూడా దాన్ని తెచ్చిపెట్టి, అర్జీని 'హర్జీ' అనీ, అనుభవాన్ని 'హనుభవం' అనీ రాశాడు. వివాదం ఉన్న వాక్యాల్లోనూ 'హనుభవించవలెను' అనే ఉంది. ఆ ప్రాంతంలో ఇతరులు రాసిన అర్జీలు కొన్నింటిని నా విద్యార్థుల సాయంతో, రాసినవారి ఒప్పుదలతో సేకరించి చూశాను. 'బూమి', 'అక్కు' అందరిలోనూ ఉన్నాయి, కనుక వాటికి విలువ లేదు. 'హనుభవం' ఇంకెవరిలోనూ లేదు.

న్యాయవాది దీనితో తేలిపోయిందనుకున్నాడు. తేలలేదు. అక్షరదోషం చేతికి చెందినది. ఎవరో పక్కన కూర్చుని 'అనుభవించవలెను' అని చెప్పినా ఆయన రాసేది 'హనుభవించవలెను' అనే. చెయ్యి ఆయనదేనని ప్రయోగశాల చెప్పిన మాటనే ఇది మరోసారి చెబుతుంది. ఇంకొకరు చెప్పి రాయించారా అన్న ప్రశ్నకు జవాబు వెతకవలసింది మాటల ఎంపికలో, వాక్యాన్ని నడిపే వరుసలో.

అక్కడ రెండు సంగతులు దొరికాయి. ఆయన అర్జీల్లో కారణం ఎప్పుడూ ముందు వస్తుంది, అదీ 'బోరు ఎండినందున', 'వానలు లేనందున' అన్న రూపంలోనే. కోరిక దాని వెనుక వస్తుంది. వివాదపు వాక్యాల్లోనూ కారణం అదే రూపంలో ముందుంది. రెండవది, పొలాన్ని చెప్పే తీరు. డాక్యుమెంట్ రైటర్లు సర్వే నెంబరుతో, చెక్కుబందీతో, అంటే నాలుగు వైపుల హద్దులతో మొదలుపెడతారు. ఈయన 'చింతమాను కాడి చేను అనబడు' అని ఊరివాళ్లు పిలిచే పేరుతో మొదలుపెట్టి, ఆ తరువాతే నెంబరు వేస్తాడు. ఇంటిమాటను ఆఫీసు వాక్యంలో ఇలా కూర్చోబెట్టడం ఆయన అర్జీలన్నింటిలో ఉంది, ఈ వాక్యాల్లోనూ ఉంది.

అంతవరకు నేను చూసింది కలర్ ఫోటోలే. అసలు కాగితం చూడటానికి కోర్టు అనుమతి తీసుకున్నాము. గీతల నోటుపుస్తకం నుంచి చించి, నాలుగు మడతలు పెట్టిన ఠావు అది, నీలం బాల్‌పెన్. ఫోటోలో ముదురు మరకలా ఉన్నచోట, కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే, కొట్టివేసిన మాట స్పష్టంగా చదవడానికి వచ్చింది. 'మా చిన్నోనికి' అని రాసి, దాన్ని ఒకే గీతతో కొట్టి, పక్కనే 'నా చిన్న కుమారునికి' అని రాశాడు. అంటే ఇంటి భాష దస్తావేజు భాషగా మారే చోట ఆ మార్పు జరిగిన జాడ కాగితం మీదే ఉంది. చూసి నకలు రాసేవాడు చేసే తప్పులు వేరుగా ఉంటాయి: పంక్తి దాటిపోవడం, ఒకే మాట రెండుసార్లు పడటం. ఇది ఆ రకం కాదు. అయితే పక్కనున్న మనిషి 'అట్ల కాదు, కుమారుడు అని రాయి' అన్నా ఇలాగే ఉంటుంది కదా అన్న సందేహం నాకూ వచ్చింది. దాన్ని నివేదికలో రాశాను.

ఆత్మహత్య ఉత్తరాల మీద జరిగిన పరిశోధనను ఇక్కడ వాడుకోవచ్చా అని న్యాయవాది అడిగాడు. ఎడ్విన్ ష్నైడ్‌మన్, నార్మన్ ఫార్బెరో 1957లో, లాస్ ఏంజెలెస్‌లో దొరికిన 33 నిజమైన ఉత్తరాలను, అదే వయసు, అదే నేపథ్యం గల మామూలు మనుషుల చేత ఊహించి రాయించిన 33 ఉత్తరాలతో పోల్చి చూశారు. నిజమైన వాటిలో పేర్లు, వస్తువులు, ఫలానా పని చేయండన్న పురమాయింపులు ఎక్కువగా ఉండేవి. ఆ లెక్కన చేను గురించి, బాకీల గురించి రాయడం అసహజం కాదని మాత్రమే చెప్పగలం. ఆ ఉత్తరాలు ఇంగ్లీషువి, రాసినవాళ్లు అమెరికా మగవాళ్లు. ఆ కొలతను అనంతపురం రైతు రాతకు నేరుగా పెట్టడం అన్యాయం. నివేదికలో దాన్ని ఆధారంగా చూపలేదు.

2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో నిపుణుల అభిప్రాయం 39వ సెక్షన్ కిందకు వస్తుంది. పాత చట్టం 45వ సెక్షన్‌లో విదేశీ చట్టం, శాస్త్రం, కళ, చేతిరాత, వేలిముద్రలు అన్నవి ఉండగా, కొత్తదానిలో మరే ఇతర రంగమైనా అన్న మాట చేరింది. భాషను పరిశీలించినవాడు ఏ శాస్త్రం కింద సాక్ష్యం చెబుతాడన్న అభ్యంతరానికి ఆ మాట కొంత జవాబు. నా అభిప్రాయాన్ని మూడు వాక్యాలకు కుదించాను: వివాదపు వాక్యాలు ఆయన అర్జీల పద్ధతికి అనుగుణంగా ఉన్నాయి; వాటిని మరొకరు కూర్చారనడానికి భాషలో ఆధారం కనిపించలేదు; రాసే సమయంలో ఎవరైనా పక్కన ఉన్నారా, ఒత్తిడి చేశారా అన్నది భాషను బట్టి చెప్పడం సాధ్యం కాదు.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదుటి పక్షం న్యాయవాది మొదటి ప్రశ్న, నూటికి ఎన్ని పాళ్లు నిశ్చయంగా చెప్పగలరని. ఇంత చిన్న ఉత్తరానికి అంకె వేయడం శాస్త్రం కాదని చెప్పాను. "అయితే ఇష్టపూర్వకంగానే రాశాడన్నమాట" అని ఆయన నా చేత అనిపించాలని చూశాడు. ఇష్టమో కాదో వ్యాకరణంలో కనబడదని, నేను రాసిచ్చిన మూడో వాక్యాన్ని చదివి వినిపించాను.

కోర్టు బయట ఆ తల్లి నన్ను ఆపింది. ఉత్తరంలో తనను పేరు పెట్టి రాశాడని, ఇన్నేళ్లలో ఎప్పుడూ పేరుతో పిలవని మనిషి అలా రాశాడంటే తన మీద కోపంతో పోయాడేమోనని ఆమె బాధ. ఉత్తరం అందిన నాటి నుంచి ఆ ఒక్క మాటే ఆమెను తినేస్తున్నదని అప్పుడు తెలిసింది. ఆయన మనసు సంగతి నేను చెప్పలేను, చెబితే అబద్ధమవుతుంది. కానీ చూసినది చెప్పగలను. ఆమె పేరు వచ్చింది దస్తావేజు వాక్యాల్లోనే. ఊరివాళ్లకు రాసిన అర్జీల్లోనూ భార్యల పేర్లు పూర్తిగా రాయడం ఆయన అలవాటు. ఇంటి భాషలో ఉన్న భాగంలో, కొడుకులకు రాసిన పాత ఉత్తరాల్లోలాగే, ఆమె 'మీ యమ్మ'గానే ఉంది. "పేరు రాసింది కోపంతోనే అనుకోవలసిన పని లేదమ్మా, ఆయన ఆఫీసు కాగితం రాసే పద్ధతే అది" అన్నాను. పెద్దకొడుకు నిద్ర లేక చిక్కిపోయి ఉన్నాడు. తెలుగులోనే మాట్లాడవచ్చని చెప్పి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416 అతని ఫోన్‌లో వేయించాను, ఆసుపత్రికి తీసుకుపోవడానికి అతని మేనమామ ఒప్పుకున్నాడు.

కాగితాలన్నీ జాబితా ప్రకారం తిరిగి అప్పగించాను. ఇప్పుడు ఎవరైనా ఇటువంటి పనికి వస్తే, అసలు ఉత్తరాన్ని ప్లాస్టిక్ లామినేషన్ చేయించవద్దని, మడతల మీద టేపు అంటించవద్దని ముందుగా చెబుతున్నాను. పోయినవారి ఫోన్ అమ్మవద్దని, వాట్సాప్ సందేశాలు తుడిచివేయవద్దని కూడా చెబుతున్నాను. ఇంట్లో రాతలు లేవన్నవారిని, ఆయన ఊళ్లో ఇంకెవరికి ఏం రాసిపెట్టేవారో కనుక్కుని రమ్మంటున్నాను.