హైదరాబాద్ మేడ మీద నుంచి నీహారికల ఫొటోలు: సామాను, ఫిల్టర్లు ఎలా ఎంచుకున్నాను

హైదరాబాద్‌లో మా మేడ మీద అమావాస్య రాత్రి కూడా ఆకాశం నల్లగా ఉండదు. బూడిద రంగులో ఉంటుంది, అంచుల్లో ఇంకా తెల్లగా. పాలపుంత సంగతి సరే, పల్లెల్లో పిల్లలకోడి అని పిలుచుకునే కృత్తికలను కూడా కాస్త వెతుక్కోవాలి. ఆకాశం ఎంత చీకటిగా ఉందో చెప్పడానికి జాన్ బోర్టిల్ అనే ఆయన 2001లో ఒక స్కేలు ఇచ్చారు. అందులో 1 అంటే కటిక చీకటి, 9 అంటే మహానగరం నడిబొడ్డు. మా మేడ 8కీ 9కీ మధ్య ఎక్కడో ఉంటుంది.

ఇదే ఊళ్లో 1901లో నిజామియా అబ్జర్వేటరీ మొదలైంది. బేగంపేటలో 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో గాజు పలకల మీద ఆకాశాన్ని ఫొటోలు తీసి, అంతర్జాతీయ నక్షత్ర పట్టిక కోసం ఆకాశ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీలో చుక్కలను కొలిచారు. ఇప్పుడు ఆ బేగంపేట నుంచి ఆ పని ఊహించలేం. అయినా ఈ ఆకాశం నుంచే కొన్ని రకాల ఫొటోలు, ముఖ్యంగా నీహారికలు, అంటే అంతరిక్షంలోని వాయువు, ధూళి మబ్బులు, చాలా బాగా తీయవచ్చు. ఏవి వస్తాయో, ఏవి రావో ముందు తెలుసుకుని సామాను కొంటే డబ్బు వృథా కాదు.

నాకు ఆ దారి చూపించింది చాలా ఏళ్లుగా ఈ పనిలో ఉన్న ఒక సీనియర్. "అన్నా, ఏ టెలిస్కోపు కొనమంటావు?" అని అడిగితే, "టెలిస్కోపు సంగతి తర్వాత. మీ మేడ మీద ఏ దిక్కు ఖాళీగా ఉంది? ఏం తీయాలనుంది? ముందు అది చెప్పు" అన్నాడు. వెంటనే ఒక కాగితం తీసుకుని కూర్చున్నాను. ఉత్తరాన వాటర్ ట్యాంకు, దక్షిణాన పక్క అపార్ట్‌మెంటు. తూర్పు, నడినెత్తి ఖాళీ. మన అక్షాంశం సుమారు 17.4 డిగ్రీలు. దాన్ని బట్టి ఏ వస్తువు ఎంత ఎత్తుకు వస్తుందో లెక్కేయడం తేలికే. రోజెట్ నీహారిక 77 డిగ్రీల దాకా ఎక్కుతుంది, అంటే దాదాపు నెత్తి మీదికి. ఓరియన్‌లోని గుర్రపుతల నీహారిక 70 డిగ్రీలు, ఆండ్రోమెడా గెలాక్సీ 66, ధనూరాశిలోని లగూన్ 48. ఎంతో అందమైన కెరీనా నీహారిక మాత్రం 13 డిగ్రీలు దాటదు, పక్క అపార్ట్‌మెంటు వెనకే ఉండిపోతుంది. నగరంలో ఎంత కిందికి చూస్తే అంత దుమ్ము, అంత వెలుగు. అందుకే 45 డిగ్రీల పైకి వచ్చేవే నా జాబితాలో ఉంచుకున్నాను.

తర్వాత అసలు ప్రశ్న: ఆ వస్తువు ఎలాంటి వెలుగు ఇస్తుంది? రోజెట్, గుర్రపుతల వెనకున్న ఎర్రటి తెర, లగూన్, ఉత్తర అమెరికా నీహారిక, ఇవన్నీ ఉద్గార నీహారికలు, అంటే వాటిలోని వాయువే వెలుగునిస్తుంది. వీటి వెలుగు ఎక్కువగా కొన్ని సన్నటి గీతల్లోనే వస్తుంది. హైడ్రోజన్ ఆల్ఫా 656.3 నానోమీటర్ల దగ్గర, ఆక్సిజన్ 495.9, 500.7 దగ్గర, గంధకం 671.6, 673.1 దగ్గర. గెలాక్సీలు, కృత్తికల చుట్టూ ఉండే నీలి మసక వేరే తరహా. అది చుక్కల వెలుగు, అన్ని రంగుల్లోనూ పరుచుకుని ఉంటుంది. మొదటి రకాన్ని నగరం వెలుగు నుంచి విడదీయవచ్చు. రెండోదాన్ని విడదీయడం ఏ ఫిల్టర్ తరమూ కాదు.

ఫిల్టర్ల దగ్గర నేను ఎక్కువ సమయం తీసుకోవడానికి కారణం ఇదే. వీధుల్లో సోడియం దీపాలు వెలిగిన రోజుల్లో వాటి వెలుగు చాలావరకు 589 నానోమీటర్ల చుట్టూనే ఉండేది. ఆ ఒక్క ముక్కను కత్తిరించే లైట్ పొల్యూషన్ ఫిల్టర్ పెడితే ఆకాశం ఒక మెట్టు చీకటి పడేది. ఇప్పుడు దీపాలు ఎల్‌ఈడీలు. విశాఖలో 2014 హుద్‌హుద్ తుఫాను తర్వాత వీధి దీపాలన్నీ ఎల్‌ఈడీలకు మార్చారు, మన దగ్గరా అదే జరిగింది. తెల్ల ఎల్‌ఈడీ వెలుగు నీలం నుంచి ఎరుపు దాకా పరుచుకుంటుంది. కత్తిరించాలంటే ఎక్కడని కత్తిరిస్తాం? అందుకే ఒక్క ముక్కను ఆపి మిగతా వెలుగంతా వదిలే ఆ పాత తరహా బ్రాడ్‌బ్యాండ్ ఫిల్టర్ నగరంలో కొనవద్దని ఎవరు అడిగినా గట్టిగానే చెబుతున్నాను.

డ్యుయల్ బ్యాండ్ ఫిల్టర్ పద్ధతి దీనికి తలకిందులు. అక్కరలేనిదాన్ని ఆపడం కాకుండా, కావలసిన రెండు గీతలకు మాత్రమే దారి ఇచ్చి మిగతాదంతా మూసేస్తుంది. కనిపించే వెలుగు 400 నుంచి 700 దాకా, అంటే 300 నానోమీటర్ల వెడల్పు అనుకుందాం. హైడ్రోజన్‌కు 7, ఆక్సిజన్‌కు 7, మొత్తం 14 నానోమీటర్ల సందు వదిలితే నగరం వెలుగులో సుమారు ఇరవయ్యో వంతే లోపలికి వస్తుంది. నీహారిక వెలుగు మాత్రం దాదాపు పూర్తిగా వస్తుంది. 3 నానోమీటర్ల ఫిల్టర్ అయితే ఈ తేడా ఇంకా పెరుగుతుంది, ధర కూడా పెరుగుతుంది. ఆప్టోలాంగ్ కంపెనీ ఫిల్టర్లలోనే చూస్తే ఎల్-ఎక్స్‌ట్రీమ్ 7 నానోమీటర్లు, ఎల్-అల్టిమేట్ 3. యాంట్లియా కంపెనీ ఏఎల్‌పీ-టీ 5.

సందు సన్నబడే కొద్దీ ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఈ ఫిల్టర్ల మీద వెలుగు ఏటవాలుగా పడితే వాటి సందు నీలం వైపు జరుగుతుంది. ఎఫ్ సంఖ్య అంటే టెలిస్కోపు ఫోకల్ లెంగ్త్‌ను దాని కటకం వెడల్పుతో భాగిస్తే వచ్చేది. ఎఫ్/2 లాంటి వేగమైన టెలిస్కోపుల్లో అంచుల నుంచి వచ్చే కిరణాలు బాగా వాలుగా ఉంటాయి కాబట్టి, మామూలు 3 నానోమీటర్ల ఫిల్టర్ పెడితే హైడ్రోజన్ గీతే సందులోంచి జారిపోవచ్చు. ఎఫ్/5, ఎఫ్/6 దగ్గర ఆ బెంగ లేదు.

కొనే ముందు తోటి ఔత్సాహికుల దగ్గర మూడు రకాల ఫిల్టర్లు అడిగి తెచ్చుకుని, ఒకే రాత్రి అల్నితాక్ మీద పెట్టి చూశాను. ఓరియన్ నడుం పట్టీలో తూర్పు చివరి చుక్క అది. గుర్రపుతల దానికి కొంచెం దక్షిణంగానే ఉంటుంది. ఫిల్టర్ పూతలో లోపం ఉంటే ఇంత ప్రకాశమైన చుక్క దగ్గర దాక్కోలేదు. ఒక చవక ఫిల్టర్‌లో చుక్క చుట్టూ పెద్ద గుండ్రటి మసక వచ్చింది. దాని అంచు సరిగ్గా గుర్రపుతల పైదాకా పాకి, నీహారిక ఏదో ఫిల్టర్ మరక ఏదో చెప్పలేకుండా చేసింది. రెండోదానిలో నీలి ఉంగరం, చిన్నదే. 7 నానోమీటర్ల మూడోదానిలో చుక్క చుక్కలాగే నిలిచింది. తీసుకుంటే అదే అని అక్కడే తేల్చుకున్నాను. డల్లాస్ నుంచి సెలవులకు వస్తూ మా పెద్దమ్మ కొడుకు తెచ్చిపెట్టాడు. మీరు విదేశాల నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం, జీఎస్టీ కూడా లెక్కలో వేసుకోండి. కొరియర్లో వచ్చేదానికి సైట్‌లో కనిపించే ధర అసలు ధర కాదు.

కెమెరా విషయంలో మొదట మామూలు డీఎస్ఎల్ఆర్‌తోనే చూశాను. అందులో సెన్సర్ ముందు ఉండే ఫిల్టర్ మన చర్మం రంగు సహజంగా రావడానికి ముదురు ఎరుపును అణిచేస్తుంది. 656.3 ఆ ముదురు ఎరుపే. రోజెట్ కావాలంటే ఆ ఫిల్టర్ తీయించాలి, లేదా ఖగోళ కెమెరా కొనాలి. మన ఎండలు తలుచుకుని నేను కూలింగ్ ఉన్న కెమెరా వైపే మొగ్గాను. ఏప్రిల్ రాత్రి పదింటికి కూడా మేడ మీద 30 డిగ్రీలుంటుంది. సెన్సర్ ఆరేడు డిగ్రీలు వేడెక్కితే అందులో వెలుగు లేకపోయినా వేడికే పుట్టే డార్క్ కరెంట్ రెట్టింపవుతుంది. నేను తీసుకున్న జెడ్‌డబ్ల్యూఓ ఏఎస్ఐ533ఎంసీ ప్రో బయటి వేడి కన్నా 35 డిగ్రీల దాకా చల్లబడుతుంది. ఏడాది పొడవునా సున్నా దగ్గరే పెట్టి తీస్తాను కాబట్టి ఆ డార్క్ కరెంట్‌ను ఫొటోల్లోంచి తీసేయడానికి మూత పెట్టి ఒకసారి తీసుకున్న డార్క్ ఫ్రేములే మళ్లీ మళ్లీ పనికొస్తున్నాయి. సెన్సర్ చతురస్రం, 3008 పిక్సెళ్లు అటూ ఇటూ, ఒక్కో పిక్సెల్ 3.76 మైక్రాన్లు.

మోనో (నలుపు తెలుపు) కెమెరా ఎందుకు కాదు అని చాలామంది అడుగుతారు. నాణ్యతలో మోనోదే పైచేయి, ఆ మాట ఒప్పుకోవాలి. రంగుల కెమెరాలో ఎర్ర పిక్సెళ్లు నాలుగింట ఒకటే, హైడ్రోజన్ వెలుగు పట్టేది ప్రధానంగా అవే. మోనోలో అన్నీ పడతాయి. కానీ దానికి విడివిడి ఫిల్టర్లు, వాటిని మార్చే ఫిల్టర్ వీల్, ఒక్కో ఫిల్టర్‌కూ విడిగా గంటలు కావాలి. జూన్ నుంచి అక్టోబరు దాకా మనకు మబ్బులే. మిగిలిన నెలల్లో కూడా మబ్బు లేని రాత్రి, మర్నాడు ఆఫీసు లేని రాత్రి కలిసి రావాలి. హైడ్రోజన్ పూర్తయి ఆక్సిజన్ మొదలుపెట్టేలోపు సీజన్ దాటిపోతుందేమో అన్న టెన్షన్ నాకు వద్దనిపించింది. రంగుల కెమెరాతో రెండు గీతలూ ఒకే ఫ్రేములో వచ్చేస్తాయి.

టెలిస్కోపుకు లెక్క ఒక్కటే. పిక్సెల్ సైజును 206.265తో గుణించి, మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఒక్కో పిక్సెల్‌కు ఎన్ని ఆర్క్ సెకన్లో వస్తుంది (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). 400 మిల్లీమీటర్లకు నాకు 1.94 వచ్చింది. నగరంలో గాలి ఊగిసలాటకు అది సరిపోతుంది. ఫ్రేము వెడల్పు 1.6 డిగ్రీలు. రోజెట్ 1.3 డిగ్రీలు, చక్కగా ఇముడుతుంది. ఉత్తర అమెరికా నీహారిక మొత్తం పట్టదు, దాని ఆకారంలో మెక్సికో అఖాతంలా కనిపించే వైపు అంచు మాత్రం బాగా వస్తుంది. నేను తీసుకున్న ఆస్కార్ కంపెనీ ఎఫ్ఆర్ఏ400 ఐదు కటకాల 72 మిల్లీమీటర్ల టెలిస్కోపు, ఎఫ్/5.6. ఫ్రేము అంచుల్లో చుక్కలు సాగిపోకుండా సరిచేసే ఫ్లాటెనర్ కటకం విడిగా అక్కరలేదు. ఫ్లాటెనర్ వాడేవాళ్లు సాధారణంగా 55 మిల్లీమీటర్ల బ్యాక్ ఫోకస్, అంటే ఫ్లాటెనర్ నుంచి సెన్సర్‌కు ఉండాల్సిన దూరం, పాటించాలి. అక్కడ ఫిల్టర్ గాజు మందంలో మూడో వంతు అదనంగా కలపాలి. 2 మిల్లీమీటర్ల గాజుకు సుమారు 0.7.

ఇంత చెప్పినా, డబ్బు ముందు పెట్టాల్సింది మౌంట్ మీద, అంటే టెలిస్కోపును మోస్తూ తిప్పే యంత్రం మీద. అది భూమి తిరుగుడుకు సరిగ్గా ఎదురు తిరగకపోతే మిగతా సామాను ఎంత మంచిదైనా చుక్కలు గీతలవుతాయి. స్కై-వాచర్ హెచ్ఈక్యూ5 తీసుకున్నాను. మోయగలనని కంపెనీ చెప్పిన బరువులో సగం దగ్గరే ఫొటోలకు ఆగాలన్నది సీనియర్ మాట. నా సామాను ఆ సగంలోపే ఉంది. మౌంట్ ఇరుసును ఆకాశ ధ్రువం వైపు గురిపెట్టాలి. మన అక్షాంశంలో అది దాదాపు పడుకున్నట్టు ఉంటుంది కాబట్టి కౌంటర్‌వెయిట్ కడ్డీ ట్రైపాడ్ కాలికి తగలకుండా చూసుకోవాలి. ధ్రువ నక్షత్రం 17 డిగ్రీల ఎత్తునే, మాకైతే వాటర్ ట్యాంకు వెనక. దాన్ని చూసి గురి కుదుర్చుకోవడానికి మౌంట్‌లో ఉండే పోలార్ స్కోపులో కన్ను పెట్టి లాభం లేదు. నీనా సాఫ్ట్‌వేర్‌లో ఆకాశంలో ఇంకోచోట మూడు ఫొటోలు తీసి, వాటిలోని చుక్కలను గుర్తుపట్టి ధ్రువం ఎంత తప్పిందో లెక్కగట్టే పద్ధతి ఉంది. దాన్ని చూస్తూ బోల్టులు తిప్పుకుంటాను. ఒక చుక్కను గమనిస్తూ మౌంట్ తప్పులను సరిదిద్దే గైడింగ్‌కు పీహెచ్‌డీ2, ఫ్రేములు కలపడానికి సిరిల్. ఈ మూడూ ఉచితమే.

డిసెంబరు, జనవరిలో మంచు కురిసి కటకం తడిసిపోతుంది, కటకాన్ని కాస్త వెచ్చగా ఉంచే డ్యూ హీటర్ పట్టీ తప్పదు. వానాకాలంలో సామాను గాలి చొరబడని పెట్టెలో సిలికా జెల్‌తో ఉంచకపోతే కటకాలకు బూజు పడుతుంది.

మా మేడ మీద ఫిల్టర్ లేకుండా అర నిమిషం ఎక్స్‌పోజర్‌కే ఆకాశం వెలుగు ఫ్రేమును ముంచేసేది. ఇప్పుడు ఐదు నిమిషాలు ఇస్తున్నాను. మొదటి ఐదు నిమిషాల రోజెట్ ఫ్రేమును కొంచెం స్ట్రెచ్ చేయగానే, అంటే మసక భాగాలను వెలుగులోకి తేగానే, మధ్యలో ఖాళీ, దానిలో చుక్కల గుంపు, చుట్టూ ఎర్రటి వలయం లాప్‌టాప్‌లో స్పష్టంగా కనిపించాయి. ఆ గుంపు ఎన్‌జీసీ 2244, చుట్టూ ఉన్న వాయువును వెలిగిస్తున్నది దానిలోని వేడి చుక్కలే. ఆక్సిజన్ మాత్రం పలచగా వచ్చింది, దానికి ఇంకా గంటలు కావాలి. నాలుగింతల సమయం ఇస్తేగాని నాయిజ్ సగానికి రాదు.

గెలాక్సీలకు, కృత్తికలకు ఫిల్టర్ తీసేసి ఊరు దాటడమే మార్గం. నల్లమల వైపు వెళ్లేసరికి ఆకాశం పూర్తిగా వేరు. అడవిలో రాత్రి రాకపోకలకు ఆంక్షలుంటాయి కాబట్టి అడవి బయటే ఒక పొలం యజమానిని అడిగి, పగలే చేరుకుంటున్నాం.

వచ్చే సీజన్‌కు గంధకం, ఆక్సిజన్ గీతలు వదిలే రెండో డ్యుయల్ బ్యాండ్ ఫిల్టర్ ఎంచుకుంటున్నాను. దాంతో రంగుల కెమెరాతోనే మూడు గీతలూ సమకూరుతాయి, ఆక్సిజన్‌కు అదనపు గంటలూ కలుస్తాయి. అల్నితాక్ పరీక్ష దానికీ పెడతాను. నెగ్గితే నవంబరులో మబ్బు తెరిపివ్వగానే మళ్లీ రోజెట్ మీదికే వెళ్తాను. హైడ్రోజన్ ఫ్రేములు ఎలాగూ హార్డ్ డిస్కులో ఉన్నాయి.